కదలకూడని గంట

పదకొండు దాటి నాలుగు నిమిషాలు. కప్పు కొసన మోకాళ్ల మీద కూర్చుని ఇంటర్నెట్ యాంటెనా పైపును రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాను. నాకు ఎదురుగా, అదే పైపు అడుగు భాగాన్ని పాదాల మధ్య ఇరికించుకుని, నడిమి భాగాన్ని పిడికిళ్లతో బిగించి కూర్చున్నవాడు రేకుల మేస్త్రీ. ఇద్దరి ముఖాలకూ మధ్య జానెడు ఎడం. అరగంట కిందట ఈ మనిషిని ఆయన పనివాళ్ల ముందే నిలబెట్టి కడిగేశాను. ఇప్పుడు ఆయన ఊపిరి నా చెంపకు తగులుతోంది. నాది ఆయనకు తగులుతూనే ఉంటుంది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక ఇద్దరం రేకు మీద ఆనించి పెట్టిన నా ఫోన్‌నే చూస్తున్నాం. అందులో సిగ్నల్ చూపించే ఒకటే అంకె. మైనస్ యాభై ఎనిమిది. అది డెబ్బై దాటనంతవరకు కింద గదిలో బొమ్మ నీళ్లలా నడుస్తుంది. డెబ్బై అయిదుకు పోతే ముక్కలవుతుంది, ఎనభైకి పోతే ఆగిపోతుంది. ఎనభైకి పోదు. నేను పట్టుకున్నది పోదు. పద్నాలుగేళ్లుగా ఇళ్ల నెత్తిన తిరుగుతున్నాను, ఆరు కిలోమీటర్ల అవతల గుట్ట మీదున్న టవర్‌ను కళ్లు మూసుకుని కూడా చూపించగలను, నా చేతి మీద నాకు అనుమానం ఎన్నడూ లేదు. ఈ ఉదయం పది ముప్పావు వరకూ అసలు లేదు.

కింద గదిలో ఉన్నది ఈ ఇంటామె. సైగల భాషకు దుబాసీ. చెవులు వినపడనివాళ్లు చేతులతో చెప్పేది నోటితో చెబుతుంది, నోటితో ఎవరన్నా చెప్పేది చేతులతో చెబుతుంది. కోర్టులకీ బడులకీ ఆసుపత్రులకీ ఇంట్లో కూర్చునే, తెర మీద. ఇవాళ పదకొండింటికి, ఇక్కడికి నాలుగు గంటల ప్రయాణంలో ఉన్న ఆసుపత్రిలో ఒకామెకు కాన్పు ఆపరేషన్. వారం తర్వాత కావలసింది, నిన్న రాత్రి రక్తపోటు పెరగడంతో ముందుకు జరిపారు. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. మూడేళ్ల కిందట మొదటి కాన్పప్పుడు ఆ గదిలో సైగలు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరట. మాస్కుల వెనక పెదాలు కనిపించవు. చుట్టూ అంతమంది ఉండి ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పలేదు, చెప్పడం రాదు. బిడ్డ దక్కలేదన్న సంగతి మర్నాడు కాగితం మీద రాసి చూపించారట. ఈసారి తెర మీద దుబాసీ కనిపించేదాకా నన్ను లోపలికి తీసుకెళ్లొద్దని ఆమె పట్టుబట్టింది. ఇదంతా ఇంటామె నాకు నిచ్చెన మొదట్లో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పింది. "ఫోన్‌లో చెయ్యొచ్చు కదా అంటారు అందరూ. ఈ పల్లంలో ఫోన్‌కి ఒక గీతే వస్తుంది. బొమ్మ ఆగి ఆగి వస్తుంది. చెయ్యి గాల్లో ఆగిపోతే మాట సగంలో తెగినట్టే అక్కా. సగం మాటతో ఆవిడకి ఏం చెప్పను?"

నా నంబరు ఆమెకు అడాప్టర్ మీద దొరికింది. నేను బిగించిన ప్రతి అడాప్టర్ మీదా తెల్ల కాగితం అంటించి నా నంబరూ తేదీ రాస్తాను. కంపెనీకి ఇష్టముండదు, అయినా రాస్తాను, నా పనికి నా పేరు ఉండాలని. కంపెనీవాళ్లు ఆమెకు గురువారం వస్తాం అన్నారు. ఇవాళ సోమవారం. పొద్దున తొమ్మిదింటికి ఆమె గొంతు విని, నేను వెళ్లాల్సిన రెండు ఇళ్లకీ మధ్యాహ్నం వస్తానని చెప్పేసి, బండి ఇటు తిప్పాను. వీధి మలుపులోనే కనిపించింది. ఇంటి కప్పు మీద సగం వరకు కొత్త రేకులు మెరుస్తున్నాయి, మిగతా సగం ఒట్టి వాసాలు. నా యాంటెనా ఉండాల్సిన చోట లేదు. అవతలి మూల నీళ్ల గొట్టానికి ఇనప తీగతో కట్టేసి ఉంది, ముఖం వీధి వైపు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తున్నట్టు. హెల్మెట్ తీయకుండానే ఒళ్లు మండిపోయింది నాకు.

ఈ నెలలో ఇది మూడోది. కప్పు పనివాళ్లకూ నాకూ ఏ జన్మ పగో తెలీదు. ఒకాయన యాంటెనాకు కూడా గోడతోపాటు వెండి రంగు వేశాడు, ఇంటికి కళొస్తుందని. ఇంకొకాయన వానకు తడుస్తోందని జాలిపడి దాన్ని రేకు కిందకి తోసి పైన ఇంకో రేకు కప్పాడు. ఒక డాబా మీద అన్నం క్యారేజీలు వేలాడుతుంటే చూశాను, నాలుగు క్యారేజీలు, యాంటెనాను పట్టి ఉంచే నా క్లాంపుకే. ఇంట్లోవాళ్లు మాత్రం ఫోన్ చేసి నెట్ రావట్లేదండీ అంటారు, కప్పు మార్చిన సంగతి చెప్పరు, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకుంటారు. మేం వెళ్లి పైకెక్కేదాకా తెలీదు. ఎక్కి చూస్తే అక్కడ పనివాళ్లెవరూ ఉండరు, పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటారు. తిట్టడానికి మనిషి దొరకడు. అలా ఎన్నేళ్లుగానో లోపల కూడబెట్టుకున్న తిట్లు కొన్ని ఉన్నాయి నా దగ్గర, బాగా నూరి పెట్టుకున్నవి. ఇవాళ మొదటిసారి మనిషి దొరికాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, పళ్ల మధ్య మేకులు పట్టుకుని, వాసం మీద అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుని.

నిచ్చెన ఎక్కుతూనే మొదలుపెట్టాను. "దాన్ని ఎవరు కదపమన్నారు మిమ్మల్ని? అది పూలకుండీ అనుకున్నారా ఎక్కడ పెడితే అక్కడ ఉండటానికి? కేబుల్ కోసి, మెలేసి, టేపు చుట్టారు. చూసే కోశారా, చూడకుండా కోశారా?" ఆయన మేకులు చేతిలోకి ఊసుకుని ఏదో అనబోయాడు. అననివ్వలేదు. ఇంట్లో కూర్చున్న మనిషి బతుకుతెరువు ఆ తీగలో ఉందన్నాను, మీ సుత్తి ఒకరు ఎత్తుకెళితే మీకెలా ఉంటుందన్నాను. ఆయన బామ్మర్దీ, రేకులందించే పొడుగాయనా పని ఆపి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నకొద్దీ నాకు ఊపొచ్చింది, ఒప్పుకోవాలి. చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. ఒక్కటీ మరిచిపోలేదు.

అంతా అయ్యాక మేస్త్రీ తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "అయిందా అమ్మా? ఇటు రండి, ఒకటి చూపిస్తాను." కోపం లేదు గొంతులో, అదే నాకు మొదట నచ్చలేదు. విప్పేసిన పాత కలపలో ఒక దూలం ముక్క తీసి నా ముందు పెట్టాడు. యాంటెనా ప్లేటు కూర్చున్న చోటది. నాలుగు బోల్టు కన్నాలు, వాటి చుట్టూ కలప నల్లగా, తడిసిన రొట్టెలా ఉంది. వేలు పెడితే వేలు దిగింది. "ఎవడో బిగించాడు. బిగించి కన్నాలకి గమ్ము పెట్టకుండా పోయాడు. ఏళ్ల తరబడి వాన ఈ కన్నాల్లోంచే దిగింది. ఈ దూలం పోయింది, పక్క వాసాలు రెండు పోయాయి. కింద ఆవిడ గదిలో కప్పంతా మరకే. అందుకే కదపాల్సి వచ్చింది. ఇంకో ఏడాది ఉంటే యాంటెనా దానంతటదే ఆవిడ బల్ల మీదకి దిగేది. ఆ ఎదవ కనిపిస్తే చేతులు విరగ్గొట్టాలి."

కలపలో దిగిన వేలు వెనక్కి తీసుకున్నాను. టైము చూసుకున్నాను. పది నలభై ఆరు. కదలండి అన్నాను.

ఆ తర్వాత పది నిమిషాలు నా జీవితంలో నేను చేసిన పనుల్లో బాగా చేసిన పని, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. సేఫ్టీ బెల్టు తగిలించుకున్నాను. కోసిన కేబుల్‌ను పక్కన పడేసి సంచిలోంచి కొత్తది లాగాను, వాసాల మధ్య నుంచి నేరుగా గదిలోకి వదిలాను, ఎనిమిది రంగుల తీగలను వరస తప్పకుండా పిన్నులో గుచ్చి నొక్కాను. గదిలో ఆమె అందుకుని పెట్టెకు తగిలించింది. ఇక యాంటెనా. పాత ప్లేటు పాడు సామానుతోపాటు పొద్దున్నే ట్రాక్టర్‌లో వెళ్లిపోయిందట. నా దగ్గరున్నది కొత్త దూలానికి పట్టాలంటే డ్రిల్లింగ్ చేయాలి, పావుగంట పని, ఇల్లంతా అదురుతుంది. పది యాభై ఆరు. పైపును కప్పు కొసకు తెచ్చి నిలబెట్టి గుట్ట వైపు తిప్పాను, తొంభై, ఎనభై రెండు, డెబ్బై, అరవై ఒకటి, వెంట్రుక వాసి పైకి, యాభై ఎనిమిది. వదిలితే పోతుంది. తాడు కట్టి చూశాను, గాలికి ఊగుతోంది. అప్పుడు మేస్త్రీ చేతిలోని సుత్తి కింద పెట్టి, ఎవరూ అడక్కుండానే వచ్చి, నాకు ఎదురుగా కూర్చుని, పైపు అడుగును పాదాల మధ్య ఇరికించుకున్నాడు. "ఎంతసేపు పట్టుకోవాలి?" "ఒక గంట." "పట్టుకుందాం." వెనక్కి తిరక్కుండానే మిగతా ఇద్దరికీ చెప్పాడు. "సుత్తి చప్పుడు వినపడిందంటే ఊరుకోను. ఆవిడకి డాక్టర్ మాటలు వినపడాలి."

అందుకని ఇలా కూర్చున్నాం. పదకొండూ పది. బామ్మర్దీ పొడుగాయనా నడికప్పు మీద సుత్తులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఇంకా రేకు పడని చోట వాసాల సందులోంచి కింద గది వెలుతురు కనిపిస్తోంది, మనిషి కనిపించదు, గొంతు వినిపిస్తుంది. డాక్టర్ల మాటలు ఆమె చెవుల్లోని హెడ్‌ఫోన్‌లోకి పోతాయి, వాటిని ఆమె చేతులతో చెబుతుంది, చేతులకు చప్పుడుండదు. అందుకే మాకు ఒక పక్క మాటలే వినిపిస్తున్నాయి, ఆ తల్లివి. ఇంతవరకు ఎవరూ లేరన్నట్టు నిశ్శబ్దం, ఉన్నట్టుండి గొంతు. "నేను బాగానే ఉన్నాను. చలేస్తోంది." మేస్త్రీ ఉలిక్కిపడి నా వైపు చూశాడు, ఆవిడకి చలేమిటి ఈ ఎండలో అన్నట్టు. ఆవిడ కాదు, తల్లి, అని పెదాలతో చెప్పాను. దుబాసీ వాళ్ల పద్ధతి అది. ఆమె చెబుతోంది అనరు, నేను అంటారు. ఆ మనిషి మాటను ఆ మనిషిలాగే చెప్పాలి, మధ్యలో మనం ఉండకూడదు అక్కా అని ఇంటామె నాకు ఒకసారి చెప్పింది, ఏడేళ్ల కిందట, నేను ఈ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు.

ఏడేళ్లు. అంతా గుర్తొస్తోంది, అదే చిరాకు. గుర్తు లేదని నాకు నేనే చెప్పుకుందామన్నా వీల్లేనంత బాగా. ఆరోజు ఇది ఆరో ఇల్లు. సాయంత్రం అయిదింటికి మబ్బు దిగింది. ప్లేటు పెట్టి నాలుగు బోల్టులూ బిగించి సంచిలో చెయ్యి పెడితే సిలికాన్ గమ్ము ట్యూబు చదునుగా నొక్కుకుపోయి చేతికొచ్చింది, చివర కొంచెం పిండితే గాలి వచ్చింది. రేపు పొద్దున వచ్చి పెడదాం అనుకున్నాను. అనుకోవడం అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాను, ఫోన్‌లో రాసుకున్నాను కూడా. మర్నాడు నన్ను వేరే పక్కకు వేశారు, రైలు పట్టాలవతల కొత్త టవర్ పెట్టిన చోటికి, అక్కడ నెల రోజులు ఊపిరాడలేదు. ఆ రాసుకున్నది ఎప్పుడు చెరిపేశానో గుర్తు లేదు. ఇంటామెకు మూడు వర్షాకాలాల తర్వాత కప్పు మీద మరక కనపడి ఉంటుంది. గోడకు దిగిన ఆ మరక తెర మీద వెనకాల కనిపిస్తుందని ఆమె నీలం గుడ్డ అడ్డం కట్టింది, కేబుల్ దింపుతుంటే వాసాల్లోంచి చూశాను. ఆ గుడ్డ ముందు కూర్చుని, ఎవరెవరి మాటలో చెబుతూ వచ్చింది ఇన్నాళ్లూ. ఎవరినీ తిట్టి ఉండదు. ఆ నీళ్లు నా కన్నాల్లోంచి దిగుతున్నాయని తెలిస్తే కదా.

చేతి గురించి ఎంత గొప్పలు పోయేదాన్ని. ఇంట్లో మా ఆయన బట్టలు కుడతాడు, ముందు గదిలోనే ఆయన మిషన్, నేను వెళ్లేసరికి నాలుగు జాకెట్లయినా అయిపోయి ఉంటాయి. ఏ కుట్టు ఎక్కడ తప్పిందో అక్కడే విప్పి మళ్లీ కుడతాడు, నా ఎదురుగానే. నువ్వెందుకు అంత చాదస్తంగా, ఎవరు చూస్తారు లోపలి కుట్టు అంటాను. లోపలిది కాబట్టే అంటాడు. మా అత్తగారు చుట్టాలందరికీ కోడలు కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తుందని చెబుతుంది. కోడలు నిచ్చెన భుజాన వేసుకుని వీధుల్లో తిరుగుతుందని చెప్పడానికి ఆవిడకు నోరు రాదు. కంపెనీలో నా పేరు నిచ్చెనక్క. మొదట్లో వెక్కిరింతకి పెట్టారు, ఇప్పుడు కొత్తవాళ్లకు ఎక్కడైనా సిగ్నల్ రాకపోతే నిచ్చెనక్కని పిలవండి అంటారు, అంటుంటే విననట్టు ఉంటాను, వింటాను. మా నాన్న టీవీ యాంటెనా తిప్పేటప్పుడు నేను గుమ్మంలో నిలబడి అరిచేదాన్ని, వచ్చింది, వచ్చింది, పోయింది, వెనక్కి, ఇంకొంచెం, ఆపు. నాన్నకి తెర కనపడదు, నాకు యాంటెనా కనపడదు, అరుపు ఒక్కటే ఇద్దరికీ మధ్య. ఒకసారి బొమ్మ బాగా రాకపోయినా, నాన్న ఎండలో నిలబడి ఉన్నాడని జాలేసి, వచ్చింది అన్నాను. ఆయన దిగి వచ్చి తెర చూసి ఏమీ అనకుండా మళ్లీ ఎక్కాడు. అది తిట్టిన దానికంటే ఎక్కువ.

ఫోన్ వణికింది. అంకె మాయమైంది. దాని చోట మేనేజర్ అన్న అక్షరాలు, ఆకుపచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం. మధ్యాహ్నానికి వాయిదా వేసిన రెండిళ్లలో ఎవరో ఫోన్ చేసి ఉంటారు. ఇద్దరి చేతులూ పైపు మీద. అంకె కనపడకపోతే మేం గుడ్డివాళ్లం, ఎటు ఒరుగుతున్నామో తెలీదు. మేస్త్రీ గడ్డంతో బామ్మర్దికి సైగ చేశాడు. ఆయన రేకు మీద పిల్లిలా పాకుతూ వచ్చి, పెద్ద వేలుతో ఏది నొక్కాలో తెలీక నా ముఖం చూశాడు. ఎర్రది, అన్నాను గాలితో. నొక్కాడు. అరవై మూడు. మెల్లగా, నేను గట్టిగా పట్టుకున్న చోటి నుంచి కొంచెం వదులు చేస్తే, అరవై, యాభై ఎనిమిది. బామ్మర్ది వెనక్కి వెళ్లలేదు, ఫోన్ పక్కనే బోర్లా పడుకుని, చూపుడువేలు సిద్ధంగా పెట్టుకుని కాపలా కాశాడు. మేనేజర్ మరో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ ఆ వేలు రెప్పపాటులో పడింది.

ఎడమ కాలు మొద్దుబారింది. మేస్త్రీకి ఎలా ఉందో. యాభై అయిదేళ్లు దాటి ఉంటాయి ఆయనకు, మోకాళ్లు రేకుకు ఒత్తుకుని ఎర్రబడ్డాయి, మేకులు కొట్టి కొట్టి బొటనవేలి గోరు నల్లగా మందంగా అయిపోయింది. ఆ వేళ్లే పైపును పట్టుకున్నాయి, ఎక్కడా వణుకు లేదు. ఈ మనిషి ఎవడో అన్నాడు నన్ను. ఎవడో అని వదిలేయొచ్చు కూడా. ఏడేళ్లయింది, ప్లేటు ట్రాక్టర్‌లో పోయింది, ఎవరూ ఆరా తీయరు. ఈ గంట గడిస్తే ఆయన దారి ఆయనది, నా దారి నాది, నిచ్చెనక్క నిచ్చెనక్కే. కానీ ఒక గంట ఇంత దగ్గరగా కూర్చుని, ఒకే పైపు పట్టుకుని, అది దాచుకుని కూర్చోవడం నాకు కాలి తిమ్మిరికంటే కష్టంగా ఉంది. చెప్పేయగలను. చెప్పలేని దాన్ని కాదు.

"మేస్త్రీ గారూ," అన్నాను, కింద మైకుకు వినపడనంత మెల్లగా.

"ఊఁ."

"ఆ ప్లేటు బిగించింది నేనే. ఏడేళ్ల కిందట. ట్యూబు అయిపోయింది, రేపొచ్చి పెడదామనుకున్నా. రాలేదు."

ఆయన అంకె మీదనుంచి కళ్లు తీయలేదు. పైపు అడుగును పాదాలతో ఇంకాస్త బిగించాడు.

"నేనేదో అన్నాను కదా, బిగించినవాడిని," అన్నాడు చివరికి.

"చేతులు విరగ్గొట్టాలన్నారు."

"ఇప్పుడొద్దులెండి. అవసరం ఉంది వాటితో."

బోర్లా పడుకున్న బామ్మర్ది వీపు కదిలింది. నవ్వు ఆపుకుంటున్నాడు. నాకూ వచ్చింది, పైపు కదులుతుందని పళ్లు బిగబట్టాను. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. కాసేపయ్యాక, నాతో కాదు, ఆ అంకెతో చెబుతున్నట్టు చెప్పాడు. "లోపల పెట్టె మీద మీ నంబరు ఉందని వీడు చెప్పాడు మూడు రోజుల కిందటే. ఫోన్ చేద్దాం బావా, వాళ్లే వచ్చి తీస్తారు అన్నాడు. ఎవరొస్తారులే, వాళ్లు వచ్చేసరికి వానొస్తుంది, కట్టి పడేద్దాం అన్నాను. ముఖం ఎటుండాలో తెలీక అందంగా ఉన్న వైపు పెట్టాను. మూడు రోజులు ఆవిడ పని పోయింది నా వల్ల. మీరు అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు."

"గొంతు కొంచెం ఎక్కువైంది."

"కొంచెం కాదు," అన్నాడు.

ఇంటామెకు కూడా చెప్పాలి. ఈ కాల్ అయిపోగానే, పైపు బిగించకముందే, నిచ్చెన దిగి ఆ నీలం గుడ్డ ముందు నిలబడి. ఎలా చెప్పాలో అప్పుడే కుదిరింది నాకు, నాలుగు మాటలు, సాకు లేకుండా. ఆ మాట కుదిరాక వీపు నిటారుగా అయింది. మేస్త్రీ గట్టి దూలం ఎక్కడుందో చూపిస్తాడు, నేను ఈసారి రెండు ట్యూబులు తెచ్చాను, రెండూ నిండువే. ఆయన పెట్టమన్న చోటే పెడతాను. పైపు మీదా దూలం మీదా కలిపి ఒక గీత గీకుతాను, మళ్లీ ఎవరు విప్పినా గీతకు గీత కలిపి పెడితే టవర్ వైపు ఉంటుంది. ఇంత చిన్న పని పద్నాలుగేళ్లుగా ఎందుకు చేయలేదో. తిట్లు నూరుకోవడంలోనే సరిపోయింది.

పదకొండూ ముప్పై అయిదు. ఆసుపత్రిలో ఆలస్యంగా మొదలైనట్టుంది. ఇప్పటిదాకా చిన్నచిన్న మాటలే వచ్చాయి, చలి, సూది, నడుము కింద ఏమీ తెలియట్లేదు అనీ. ఉన్నట్టుండి కింది గొంతు మారింది. ఇంటామె గొంతే, కానీ అందులో ఇంకో మనిషి నిలబడింది. "చెయ్యి కట్టొద్దు. లేదు, కట్టొద్దు. సూది ఉన్న చెయ్యి కట్టుకోండి, ఇది వదలండి. చెయ్యి కట్టేస్తే నేను మాట్లాడలేను. పోయినసారి రెండూ కట్టేశారు." నిశ్శబ్దం. డాక్టర్ ఏదో అంటూ ఉంటాడు, ఇంటామె చేతులు గాల్లో అది చెబుతూ ఉంటాయి. అప్పుడే గాలి వచ్చింది. గుట్ట వైపు నుంచి, ముందు చెట్ల తలలు వంగాయి, తర్వాత వదులుగా ఉన్న రేకు ఒకటి లేచి పడింది, తర్వాత పైపు నా గుండెను నెట్టింది. అరవై నాలుగు. అరవై తొమ్మిది. పొడుగాయన ఒక్క అంగలో వెళ్లి ఆ రేకు మీద బరువంతా వేసి పడుకున్నాడు. డెబ్బై రెండు. ఆ చెయ్యి గాల్లో ఆగిపోకూడదు, ఆ ఒక్క చెయ్యి, ఈ ఒక్క నిమిషం. "మీ వైపు," అన్నాను. మేస్త్రీ ఎంత అని అడగలేదు. పాదాలతో అడుగు నొక్కి భుజం ఆనించాడు, నేను పైన ఎదురు తోశాను, ఇద్దరి నుదుళ్లూ పైపుకు చెరో పక్క తగిలాయి. డెబ్బై ఒకటి. అరవై ఆరు. గాలి ఇంకా తోస్తూనే ఉంది, దాన్ని తోయనిచ్చి, దానికి సరిపడా మేమూ తోస్తూ, అరవై. అరవై దగ్గర నిలిపాం.

"వదిలారు. థాంక్స్," అంది కింద తల్లి. "ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి. నొప్పి పెట్టేదైనా చెప్పండి."

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ఆయనకు పిల్లలెందరో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇవి మేం వినాల్సిన మాటలు కాదు, అది ఇద్దరికీ తెలుసు, చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. గాలి తగ్గింది. యాభై ఎనిమిదికి వచ్చింది, యాభై ఏడయింది, యాభై ఏడు ఈ ఇంటి మీద నేనెప్పుడూ చూడలేదు. వీధిలో సైకిల్ బెల్లు మోగి దూరమైంది. ఎవరో గేటు తీశారు, వేశారు. పదకొండూ యాభై. చెమట కంట్లోకి దిగినా రెప్ప కొట్టుకోవడమే తప్ప ఇంకేం చేయలేను, అది కూడా ఒకలాంటి సుఖంగా ఉంది, చేయాల్సినది ఒక్కటే ఉండటం, అది చేస్తూ ఉండటం. ఆ కొసన టవర్, ఆ టవర్ నుంచి ఎన్ని టవర్లు దాటో ఆ గది, ఆ గదిలో ఒక ఖాళీ చెయ్యి.

"బయటికి తీశారా?" అంది గొంతు.

బామ్మర్ది తలెత్తాడు.

"నాకు కనపడట్లేదు. గుడ్డ అడ్డం ఉంది. తీశారా?" కాసేపు. "ఏడుస్తోందా?"

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. వాసాల సందులో వెలుతురు అలాగే ఉంది. జవాబు వచ్చే ఉంటుంది, హెడ్‌ఫోన్‌లోకి, అక్కడినుంచి ఇంటామె చేతుల్లోకి, అక్కడినుంచి ఈ పైపు మీదుగా, మా ఇద్దరి పిడికిళ్ల మీదుగా, వెళ్లే ఉంటుంది. మాకు మాత్రం అది రాదు. యాభై ఏడు. మేస్త్రీ పిడికిలి పైన నా పిడికిలి ఆనుకుని ఉందని అప్పుడే చూశాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూస్తున్నాడు, నేనేదో చెప్పగలనన్నట్టు. నాకూ తెలీదు. అంకె కదల్లేదు. బొమ్మ ఆగలేదు. అయినా ఎందుకు మాట రావడం లేదు.

వచ్చింది.

"ఎంత గట్టిగా ఏడుస్తోంది?"